మీ కూడలి ప్రతిపాదన నిధుల వరుసలో నిలవాలంటే ఏం చేయాలి?

వినతిపత్రం ఇచ్చి, ప్రజాప్రతినిధికి శాలువా కప్పితే ఫ్లైఓవర్ వస్తుందని నమ్మే కాలనీ సంఘాలు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నాయి. ఫోటో మాత్రం వస్తుంది. నిధులు పంచేచోట మీ ఫైలు పక్క కూడలి ఫైలుతో పోటీ పడాలి. అక్కడ మాట్లాడేవి అంకెలే.

కావలసినవి: అట్ట, పెన్సిల్, గడియారం, ఒక్కో దారికి ఇద్దరు మనుషులు. పెన్ను వద్దు.

ముందుగా రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: నగరపాలక సంస్థదా, రోడ్లు భవనాల శాఖదా, జాతీయ రహదారా, కంటోన్మెంటుదా? పట్టాలు దాటే వంతెనైతే రైల్వే కూడా ఉంటుంది. ఇది ఒక పూట పని.

ఇక వాహనాల లెక్కింపు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. మంగళ, బుధ, గురువారాల్లోనే లెక్కించాలి. బోనాలు, నిమజ్జనం, బడి సెలవులు అసలే పనికిరావు. మా పక్క కాలనీవారు దసరా సెలవుల్లో లెక్కపెట్టి, తమ కూడలిలో రద్దీ లేదని తామే రుజువు చేసి ఇచ్చారు! ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9 వరకు, పావుగంటకొక గడి చొప్పున రాయండి. కెమెరా యాప్‌లను నేను నమ్మను. ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చే రెండు బైకులు వాటికి ఒకటిగానే కనిపిస్తాయి.

వాహనాల మొత్తం చూసి సంబరపడకండి. ఇంజినీర్లు దాన్ని కారు కొలతలోకి, అంటే పీసీయూలోకి మారుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నగర ప్రమాణాల్లో కారు 1. రద్దీలో ఆ రకం వాటాను బట్టి బైకు 0.5 లేదా 0.75, బస్సు 2.2 లేదా 3.7. బైకుల వాటా పదో వంతుకు తగ్గిన కూడలిని ఈ ఊళ్లో నేను చూడలేదు కాబట్టి 0.75 వేయండి. వెయ్యి బైకులంటే 750 అన్నమాట. అన్ని దారులూ కలిపి గంటకు 10,000 పీసీయూలు దాటితేనే ఫ్లైఓవర్ మాట నిలుస్తుంది. దాటకపోతే అంకెలు సాగదీయకుండా, సిగ్నల్ సవరణో పాదచారుల వంతెనో అడగండి.

పక్కనే మనుషుల సంఖ్యకు ఇంకో గడి గీయండి. యాభై మందిని మోసే బస్సు రోడ్డు మీద నాలుగు కార్ల చోటైనా తీసుకోదు. రోడ్డు స్థలం వాహనాలకు కాదు, మనుషులకు దక్కాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెబుతోంది. ఈ గడి లేని ప్రతిపాదన నా దగ్గరికి తెస్తే తిప్పి పంపుతాను.

పెద్ద పథకాలదీ ఇదే తంతు. సమాజానికి కలిగే లాభాన్ని డబ్బుగా లెక్కకట్టినప్పుడు రాబడి 14 శాతమైనా ఉండాలని 2017 మెట్రో రైలు విధానం షరతు పెట్టింది.

రోడ్డు వెడల్పుకు ఎన్ని కట్టడాలు పోతాయో, యజమానుల్లో టీడీఆర్ పత్రాలకు (పోయిన స్థలానికి డబ్బుకు బదులు ఇచ్చే అదనపు నిర్మాణ హక్కు) ఎవరు ఒప్పుకుంటారో కూడా రాయండి.

ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి అంచనాలు ముందే తయారవుతాయి. మీ ప్రతిపాదన ఇవ్వడం అక్టోబరు దాటనివ్వకండి. పరిపాలనా అనుమతి వచ్చిందని ఎవరైనా చెబితే, బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఎంత పెట్టారో అడగండి. మిఠాయిలు టెండరు పిలిచాక పంచుకోవచ్చు.