నీళ్లు దిగిన జలాశయంలో జీపీఎస్‌తో తిరిగే ముందు

ఏప్రిల్ చివరికల్లా శ్రీశైలం వెనుక జలాలు చాలా దూరం వెనక్కి పోతాయి. సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. గాలం వేసే మాలాంటివాళ్లు చేతి జీపీఎస్ మిషన్ పట్టుకుని అడుగు నేలలో తిరగడం మొదలుపెడతారు. గాజులదిన్నె ప్రాజెక్టులోనూ, ఊరి చెరువుల్లోనూ ఎండాకాలం ఇదే పని. నిండుగా ఉన్నప్పుడు కనపడని పాత వాగు, మునిగిన ఊరి చెరువుకట్ట, తుమ్మ మొద్దులు, రాతి గుట్టలు అన్నీ ఇప్పుడు కాళ్ల కిందే ఉంటాయి. ఒక్కో దాని మీద నిలబడి మిషన్‌లో గుర్తు పెట్టుకుంటే, అక్టోబరులో పుట్టి మీద నేరుగా అక్కడికే పోవచ్చు. లోతు ఒక్కసారిగా మారే చోటే బొచ్చె, వాలుగ దొరుకుతాయని గాలం వేసేవాళ్లందరికీ తెలుసు.

పని మంచిదే, దాంట్లో పడే అవస్థలే చెప్పాలి.

నేను మొదటిసారి దిగినప్పుడు పుట్టి నడిపే పెద్దాయన ఒకాయన అడిగాడు, "అబ్బీ, ఆ మిషన్‌కు బావి కనపడతాదా?" కనపడదన్నాను. "మరి దాన్నే చూసుకుంటా నడుస్తావేమి?" అన్నాడు. నవ్వేసి ముందుకు పోయాను. అరగంటకే తొడల దాకా బురదలో ఉన్నాను. తెర మీద బాణం ఎటు చూపితే అటు తిన్నగా నడవడమే నేను చేసిన తప్పు. పైన పగుళ్లిచ్చి గట్టిగా కనపడుతుంది, కింద ఒండ్రు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మీరు ఎక్కడున్నారో మాత్రమే జీపీఎస్ చెబుతుంది. కాలి కింద ఏముందో చెప్పాల్సింది మీ చేతి కర్ర. ఆరడుగుల వెదురు కర్ర లేకుండా దిగొద్దు. ప్రతి అడుగుకు ముందు పొడిచి చూడండి. దిగబడితే పెనుగులాడొద్దు, వెనక్కి వాలి బరువు పరుచుకుని, ఒక్కో కాలు మెల్లగా తీయాలి. ఇద్దరు వెళ్లండి, ఒకరి వెనక ఒకరు, మధ్య పది అడుగుల దూరం ఉంచి, తాడు వెనకవాళ్ల దగ్గర పెట్టుకుని. పిల్లల్ని తీసుకుపోవద్దు.

అన్నిటికంటే పెద్ద భయం బావులతో. మునిగిన ఊళ్ల బావులకు గట్టు ఎప్పుడో కూలిపోయి ఉంటుంది, పైన ఒండ్రు పొర, మీద గడ్డి. ఊరి చెరువుల్లో మట్టి కోసం తవ్వి వదిలేసిన గుంతలు ఇంకో రకం. ఎండాకాలం అవి ఉత్త గోతులే. చెరువు నిండాక మోకాలి లోతులో నడుస్తున్న మనిషి రెండో అడుగుకే మునిగిపోతాడు. అందుకే చేపల చోట్ల కంటే ముందు వీటిని గుర్తు పెట్టుకోండి. ఆకాశం తెరిపిగా ఉన్నా చేతి జీపీఎస్‌లో మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. బావి వెడల్పే అంత ఉంటుంది. కాబట్టి గుర్తు చూపిన చోటికి చుట్టూ 15 మీటర్లు వదిలేయండి. బావి అంచుకు పోయి గుర్తు పెట్టాలనే పట్టుదల అసలే వద్దు. దూరంగా నిలబడి, "ఉత్తరంగా 20 అడుగులకు బావి" అని నోటుబుక్కులో రాసుకుంటే చాలు.

పేర్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. మిషన్ దానంతట అదే 041, 042 అని పేర్లు పెట్టేస్తుంది. ఒక ఏడాది నేను అలాగే వదిలేశాను. వానలొచ్చాక చూస్తే ఏది మొద్దో, ఏది బావో తెలియలేదు. చాలా మిషన్లలో తెలుగు రాయడం కుదరదు. అందుకని నంబరు మిషన్‌లో, వివరం పుస్తకంలో రాసుకోండి, బావులకు వేరే గుర్తు పెట్టండి.

ఇక లోతు. జీపీఎస్ చూపే ఎత్తును లెక్కలోకి తీసుకోవద్దు, అది అటూ ఇటూ చాలా ఊగుతుంది. దానికంటే తేలిక పద్ధతి ఒకటుంది. వారానికోసారి నీటి అంచు వెంబడే నడవండి, నడక దారి నమోదు చేసే మీట వేసి ఉంచండి. ఆ రోజు డ్యామ్ నీటిమట్టం ఎంతో చూసి ఆ దారికి అదే పేరు పెట్టండి. మట్టాన్ని సముద్రమట్టం నుంచి లెక్కేస్తారు, కాబట్టి అది 820 అడుగులున్నప్పుడు నడిచిన గీత మీద, మట్టం 860కి వచ్చినప్పుడు లోతు 40 అడుగులు. ఎనిమిది వారాలు నడిస్తే ఎనిమిది గీతలు. నీళ్లే దిగుతూ దిగుతూ మ్యాప్ గీసిపెడతాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు కాబట్టి అక్కడి నుంచి కిందికి లెక్కేసుకోండి. వరద నడుస్తున్నప్పుడు మాత్రం పైభాగంలో నీళ్లు డ్యామ్ దగ్గరికన్నా ఎత్తుగా ఉంటాయి, ఆ రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది. ఒండ్రు పేరుకుంటుంది కాబట్టి పాత గీతల్ని రెండేళ్లకోసారి సరిచూసుకోవాలి.

అంచు వెంబడి నడిచేటప్పుడు నీళ్లకు నాలుగైదు గజాలు ఎడంగా నడవండి, అంచు నేలే అన్నిటికంటే మెత్తన. కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి.

ఎండ సంగతి మనకు కొత్తగా చెప్పాలా? పొద్దున ఆరుకు దిగి తొమ్మిదికల్లా బయటికి వచ్చేయాలి. అడుగు నేలలో చెట్టు నీడ ఉండదు. మజ్జిగ, నీళ్లు, తలగుడ్డ. మిషన్‌ను బండి డ్యాష్‌బోర్డు మీద వదిలితే బ్యాటరీ పాడవుతుంది. మే సాయంత్రాల్లో మబ్బు కమ్మితే ఉరుము వినపడగానే బయటికి. మిషన్ పిడుగును లాగుతుందని కొందరు భయపడతారు, అది ఉత్తమాట. ఆ మైదానంలో అందరికంటే ఎత్తుగా నిలబడింది మీరే, ప్రమాదమంతా అందులోనే ఉంది. గాలం కర్రను పైకెత్తి పట్టుకోవద్దు.

మన మీద చినుకు పడకపోయినా నీళ్లు రావచ్చు. ఎగువన తుంగభద్రకు వరద వస్తోందన్న వార్త వినగానే అడుగు నేలలో తిరగడం ఆపేయండి. 2009 అక్టోబరు 2న నీళ్లు కర్నూలు ఊళ్లోకే ఎలా వచ్చాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అనుమతుల విషయం. జలాశయాల్లో చేపల హక్కు లైసెన్సు ఉన్నవాళ్లది, సంఘాలది. మత్స్యశాఖ ఆఫీసులో ముందే అడగండి. పులుల అభయారణ్యం వైపు గట్టుకు దిగనే వద్దు. డ్యామ్ గేట్ల దగ్గర మిషన్, కెమెరా తీయకండి. విదేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తే, అది ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే రకమేమో చూసుకోండి. అనుమతి లేకుండా అలాంటిది వాడితే కేసవుతుంది. మామూలు జీపీఎస్‌కు ఆ టెన్షన్ లేదు.

చివరిగా పుట్టి ఎక్కే రోజు. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని అర్థం, తేలుతుందని కాదు. మిషన్‌ను తాడుతో మెడకు కాదు, నడుముకు కట్టుకోండి. లైఫ్ జాకెట్ మీకు, తేలడానికి ఖాళీ డబ్బా మిషన్‌కు. గుర్తులన్నీ ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించే రండి. చాలా మిషన్లలో మీరు కదలకుండా ఉంటే బాణం పనికిరాదు, మీరు కదిలితేనే దిక్కు చెబుతుంది. పుట్టి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే బాణం కూడా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు తెర మూసి, మిషన్ చూపిన దూరం ఎంతో పుట్టి పెద్దాయనకు చెప్పండి. కొండ కొన, గుడి శిఖరం ఒక గీతలోకి రాగానే ఆయనే ఆపుతాడు.