మెటల్ డిటెక్టర్‌తో బంగారం, వెండి నగలు వెతకడం: డిస్క్రిమినేషన్ ఎంత పెట్టాలి?

పోయిన ఉంగరం కోసం మెటల్ డిటెక్టర్ పట్టుకుని బయల్దేరేవాళ్లలో చాలామంది మొట్టమొదట చేసే పని డిస్క్రిమినేషన్ పెంచేయడం, అంటే అక్కర్లేని లోహాలకు మిషన్ మోగకుండా చేసే సెట్టింగును పెంచేయడం. మేకులు వద్దు, ఫాయిల్ వద్దు, కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు వద్దు అంటూ ఒక్కొక్కటీ తీసేస్తారు. మిషన్ హాయిగా నోరు మూసుకుంటుంది. పొద్దుగూకేదాకా తిరిగి, ఇక్కడేమీ లేదని తేల్చేసి వెళ్లిపోతారు. చాలాసార్లు ఉంగరం అక్కడే ఉంటుంది. వాళ్ల కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం) దాని మీదుగానే పోయి ఉంటుంది కూడా.

ఎందుకిలా అవుతుందో ముందు తెలుసుకోవాలి. డిటెక్టర్ బంగారాన్ని గుర్తుపట్టదు. కాయిల్ పుట్టించే అయస్కాంత క్షేత్రం వల్ల మట్టిలోని లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి నుంచి తిరిగొచ్చే సిగ్నల్ ఎంత వెనకబడి వస్తోందో చూసి మిషన్ ఒక నంబరు చూపిస్తుంది. లోహం విద్యుత్తును ఎంత బాగా మోస్తుందన్నది ఒక్కటే కాదు, వస్తువు సైజు, మందం, ఆకారం కూడా ఆ నంబరును మారుస్తాయి.

వెండితో పెద్ద చిక్కు లేదు. లోహాలన్నిటిలోకీ వెండే మంచి వాహకం కాబట్టి వెండి ఉంగరం, కడియం ఆ నంబర్ల స్కేలు పైభాగంలో పడతాయి. బంగారంతోనే తంటా. మేలిమి బంగారం కూడా మంచి వాహకమే గానీ, నగలు మేలిమి బంగారంతో చేయరు. 18 క్యారెట్లంటే బంగారం 75 శాతమే. మిగతాది ఎక్కువగా రాగి, వెండి. విడిగా చూస్తే ఆ రెండూ గొప్ప వాహకాలే, కానీ బంగారంలో కలిశాక మిశ్రమం వాహకత బాగా పడిపోతుంది. తెల్ల బంగారం ఇంకా కిందికి దిగుతుంది. అందుకే సన్నటి ఉంగరం ఫాయిల్ నంబర్లలో, కాస్త మందమైనది డబ్బా రింగుల నంబర్లలో పడుతుంది. ఆ నంబర్లను తీసేసి బంగారం వెతుకుతానంటే కుదరదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. నంబరు చూపించే మామూలు డిటెక్టర్, హెడ్‌ఫోన్స్, చిన్న పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు కచ్చితంగా ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్), తవ్వడానికి ఒక తాపీ చాలు. హెడ్‌ఫోన్స్ లేకుండా వెళ్లకండి. సన్నటి సిగ్నల్ స్పీకర్లో గాలికే పోతుంది. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలుంటే సన్న బంగారానికి 15 కిలోహెర్ట్జ్, అంతకు పైన పెట్టండి. 5 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వెండికి బాగుంటుంది గానీ సన్న బంగారానికి మందకొడి. సముద్రపు తడి ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్లు ఉప్పుకే అరుస్తాయి, అక్కడ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ కావాలి. స్థలం యజమాని అనుమతి తీసుకోండి, పురాతన కట్టడాల దగ్గరికి మిషన్‌తో వెళ్లకండి. గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఖనిజాలకు మిషన్ మోగకుండా సరిచేయడం) చేసి, మిషన్ ఊరికే చిటపటలాడని చోటికి సెన్సిటివిటీ తగ్గించండి. ఇక అసలు పనికి రండి.

డిస్క్రిమినేషన్ సెట్ చేయడం

సున్నా నుంచి మొదలుపెట్టండి. ఒక చిన్న ఇనుప మేకును నేల మీద పడేసి, దాని మీద కాయిల్ ఊపుతూ డిస్క్రిమినేషన్‌ను ఒక్కో మెట్టు పెంచండి. మేకు శబ్దం తెగిపోయి, ముక్కలు ముక్కలుగా వినిపించే చోట ఆపేయండి. పూర్తిగా మౌనం అయ్యేదాకా వెళ్లకండి. నగల వేటలో అంతకు మించి ఒక్క మెట్టు కూడా పెంచకూడదు. నాచ్ (ఎంచుకున్న కొన్ని నంబర్లను మాత్రమే మూయించే సెట్టింగు) జోలికి అసలే వద్దు. నాచ్‌తో ఫాయిల్ నంబర్లను కత్తిరిస్తే సన్న ఉంగరాలు, చెవిదిద్దులు పోతాయి. డబ్బా రింగుల నంబర్లను కత్తిరిస్తే మామూలు ఉంగరాలు పోతాయి. రెండూ కత్తిరించాక బంగారం పడే నంబర్లలో దాదాపు ఏమీ మిగలదు.

తర్వాత, ఇంట్లో ఉన్న నగలు తీసి పరీక్షించండి. ఇది చేయకుండా బయటికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చుట్టుపక్కల లోహం లేని చోట ఒక చెక్క మీద ఒక్కో నగా పెట్టి, కాయిల్ ఊపి నంబరు రాసుకోండి. స్కేలు ఒక్కో మిషన్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి వేరేవాళ్ల నంబర్లు మీకు పనికిరావు. ఉంగరాన్ని పడుకోబెట్టి చూడండి, నిలబెట్టి చూడండి. గొలుసు తీసుకుంటే మీకే తెలుస్తుంది: ఎంత పొడుగున్నా మిషన్ దాన్ని విడివిడి లంకెల్లాగే చూస్తుంది. సన్న గొలుసు చాలా కింద పలుకుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. వెండి గొలుసైనా అంతే. వెండి ఎప్పుడూ పైనే పడుతుందనుకుని కింది నంబర్లు వదిలేసేవాళ్లు పోగొట్టుకునేది ఇలాంటివే. విరిగిన ఉంగరం కూడా చుట్టు తెగిపోవడం వల్ల నిండు ఉంగరం కంటే కిందే పలుకుతుంది.

ఇప్పుడు ఉంగరం పక్కనే మేకు పెట్టి, డిస్క్రిమినేషన్ బాగా పెంచి ఊపండి. చాలా మిషన్లలో ఉంగరం శబ్దం తెగిపోతుంది, లేదంటే పూర్తిగా మాయమవుతుంది. మేకును తీసేయమని మీరు చెప్పారు, మిషన్ దాంతోపాటు పక్కనున్న బంగారాన్నీ తీసేసింది. డిస్క్రిమినేషన్ తగ్గించి, కాయిల్‌ను నెమ్మదిగా, వేరే కోణంలో ఊపితే ఉంగరం మళ్లీ వినిపిస్తుంది. రికవరీ స్పీడు (ఒక వస్తువు నుంచి పక్కదానికి మిషన్ ఎంత త్వరగా తేరుకుంటుందన్నది) పెంచే వీలుంటే చెత్త ఎక్కువున్న చోట పెంచండి. చిన్న కాయిల్ ఉంటే అదే వాడండి.

చెవితో తేల్చుకోవడం

చెత్తను వడకట్టాల్సింది మిషన్ కాదు, మీ చెవి. సిగ్నల్ దొరికాక ఒక దిక్కున ఊపి, తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. ఉంగరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు ఊపినా నంబరు ఒకటి రెండు అంకెలకు మించి కదలదు, శబ్దం మెత్తగా, నిండుగా ఉంటుంది. మేకైతే ఒక వైపు పలికి ఇంకో వైపు తెగిపోతుంది. నలిగిన ఫాయిల్ నంబరు గెంతుతూ ఉంటుంది. కాయిల్‌ను మోకాలి ఎత్తుకు లేపినా గట్టిగా మోగుతూనే ఉంటే అది డబ్బాయో రేకో అయ్యుంటుంది. తుప్పు పట్టిన ఇనుప రేకులు, సీసా మూతలు వెండి నంబర్లు చూపించి మోసం చేస్తాయి. కాయిల్‌ను పక్కకు జరుపుతూ అంచుతో తాకించి చూడండి, ఇనుము అంచు దగ్గర గరగరమంటుంది.

డబ్బా రింగుకూ ఉంగరానికీ తేడా మాత్రం ఇలా తెలియదు. ఆ నంబరులో స్థిరంగా, శుభ్రంగా పలికిన ప్రతిదాన్నీ తవ్వాల్సిందే. తవ్వకుండా చెప్పగలమనేవాళ్ల మాట నమ్మొద్దు. పల్స్ ఇండక్షన్ మిషన్ (కరెంటును విడివిడి తునకలుగా పంపే వేరే రకం డిటెక్టర్) కొంటే ఈ బాధ ఉండదని కొందరంటారు. అది తడి ఇసుకలో లోతుకు వెళ్తుంది నిజమే, కానీ ఇనుమును వేరు చేయడం దానికి సరిగా రాదు. మేకులున్న నేలలో దాంతో రోజంతా మేకులే తవ్వుతారు.

లోతుగా ఉన్న వస్తువు నంబరును పట్టుకుని వేలాడకండి. లోతు పెరిగేకొద్దీ, ఇనుప ఖనిజం ఉన్న మట్టిలో మరీ ఎక్కువగా, నంబరు స్కేలు అడుగున ఉండే ఇనుము వైపు జారిపోతుంది. అలాంటి చోట సన్నగా అయినా పదే పదే పలికే సిగ్నల్‌ను తవ్వండి. ఈమధ్యే పోయిన నగ సాధారణంగా పైపైనే ఉంటుంది కాబట్టి ముందు మెత్తటి నేల మీద కాయిల్‌ను ఆనించినంత దగ్గరగా, ప్రతి ఊపూ కిందటి ఊపును సగం కప్పేలా వెతకండి.

తవ్వేటప్పుడు గడ్డిని మూడు వైపులా కోసి మూతలా పైకెత్తండి. పిన్‌పాయింటర్‌తో వస్తువును తీశాక, గుంట మీద కాయిల్ మళ్లీ ఊపండి. పైనున్న మేకు వచ్చేశాక కిందిది పలకడం మామూలే. ఏమీ పలకలేదని తేలాకే మట్టి పోసి, గడ్డిని వెనక్కి వేసి కాలితో అదమండి.