శిక్షణ శిబిరానికి ముందు ఎనిమిది వారాలు: సైన్యంలో చేరేవారికి జాగ్రత్తలు

రిపోర్టు చేయాల్సిన తేదీ చేతికి రాగానే చాలామంది కొత్త బూట్లు కొని మర్నాటి నుంచే పరుగు మొదలెడతారు. ఉన్నది పది రోజులు, పూడ్చాల్సింది రెండేళ్ల బద్ధకం. శిబిరం గేటు దాటకముందే కాలు పట్టేస్తుంది. సంతకం పెట్టిన ఒప్పంద కాగితంలో ఏముందో చదివేది కూడా లోపలికి వెళ్లాకే. కాలికీ కాగితానికీ కనీసం ఎనిమిది వారాల గడువు పెట్టుకోవాలి.

ముందు కాగితం సంగతి. ఎన్నేళ్లు అన్న ఒక్క అంకె చూసి సరిపెట్టుకోకండి. సర్వీసు ఏ రోజు నుంచి లెక్కకొస్తుంది, శిక్షణ కాలం అందులో కలుస్తుందా, ఖరీదైన కోర్సు చేయిస్తే గడువు పెరుగుతుందా, బయటికొచ్చాక రిజర్వులో (అవసరమైతే మళ్లీ పిలిచేవారి జాబితాలో) ఎన్నాళ్లు పేరుంటుంది, ఇవన్నీ విడివిడిగా చూడాలి. ఉదాహరణకు అమెరికాలో మొదటిసారి చేరేవారి మొత్తం బాధ్యత మామూలుగా 8 ఏళ్లు. నాలుగేళ్లకే యూనిఫాం విప్పినా, మిగతా కాలంలో పిలుపొస్తే వెళ్లాల్సిందే. ఫలానా ట్రేడు (పని విభాగం) ఇస్తాం, ఫలానా చోట వేస్తాం అని భర్తీ చేసేవారు అన్న మాట కాగితంలో లేకపోతే దాన్ని నమ్ముకోవద్దు. రాసివ్వమని అడగడానికి మొహమాటపడేది సంతకానికి ముందైతే నష్టం మీకే.

మామూలు ఉద్యోగం నచ్చకపోతే రాజీనామా పడేసి రావచ్చు. ఇక్కడ అనుమతి లేకుండా వెళ్లిపోతే నేరం, సైనిక చట్టం కింద శిక్ష. చట్టబద్ధమైన ఆజ్ఞ నచ్చినా నచ్చకున్నా పాటించాలి. అయితే నేరం చేయమన్న ఆజ్ఞను, మరో దారి ఉండి కూడా పాటించి, పైవాళ్లు చెప్పారంటే తప్పించుకోలేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకులపై జరిగిన నురెంబర్గ్ విచారణల నుంచి తీసి 1950లో ఐక్యరాజ్యసమితి న్యాయ కమిషన్ రాసిన సూత్రాల్లో ఇదొకటి.

వైద్య పరీక్షలో పాత ఆపరేషన్లు, ఆస్తమా, వాడుతున్న మందులు దాచకండి. దాస్తే ఎప్పుడో బయటపడి ఉద్యోగం పోతుందన్నది ఒక భయం. అంతకన్నా పెద్దది ఎండ. జలుబుకు, అలర్జీకి వాడే కొన్ని మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాలకు సంబంధించి వారసత్వంగా వచ్చేది) ఉన్నవారికి విపరీతమైన శ్రమలో కండరాలు కుప్పకూలే ముప్పు ఎక్కువ. శిబిరంలోని డాక్టరుకు ఇవి ముందే తెలిసి ఉండాలి.

ఇక కాళ్లు. కవాతులో సైనికుల పాదం ఎముకలు నొప్పెట్టి వాచిపోవడాన్ని 1855లోనే ఒక ప్రష్యన్ సైనిక వైద్యుడు రాసిపెట్టాడు. నేటికీ కొత్తవారిని మంచాన పడేసే వాటిలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నని పగులు, ముందుంటుంది. ఎముక మీద కొత్త భారం పడితే శరీరం ముందు పాత పదార్థాన్ని తవ్వేసి, ఆ తర్వాత కొత్తది పోస్తుంది. తవ్వడం త్వరగా అవుతుంది, పోయడానికి నెలలు పడుతుంది. అందుకే శ్రమ మొదలైన మూడు నాలుగు వారాలకు, అంటే ఒంట్లో కాస్త బలం వచ్చిందనిపించే వేళకు, ఎముక బాగా బలహీనంగా ఉంటుంది.

మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచును వేలితో నొక్కుతూ కిందికి రండి. జానెడు పొడవునా సలుపుతుంటే అది ఎముక పొర ఒరిపిడి కావచ్చు, విశ్రాంతితో తగ్గుతుంది. ఒక్కచోటే, రూపాయి బిళ్లంత మేర, వేలు పెడితే చాలు ఉలిక్కిపడేలా ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగెత్తొద్దు. గజ్జల్లో నొప్పి వచ్చి కాలు మోపలేకపోతే మరీ జాగ్రత్త. తొడ ఎముక తుంటి కీలులో కలిసేచోట ఉండే సన్నని భాగం చిట్లితే అది పక్కకు జరిగిపోయే ప్రమాదముంది. ఆ రోజే చూపించాలి.

వారానికి మూడు రోజులు పరుగు చాలు. వారానికి పదోవంతుకు మించి దూరం పెంచొద్దు, ప్రతి నాలుగో వారం కొంత తగ్గించాలి. బరువు మోసే నడక వారానికొకసారి, 5 కిలోలతో మొదలుపెట్టి. బరువుతో పరుగు అసలొద్దు. ఆఖరి వారం సగానికి కోసేయండి. అమెరికా నేవీలో 5 వేలకు పైగా మహిళా రిక్రూట్లకు రోజూ 2,000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి చూస్తే ఈ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయి. ఆ మోతాదు మీకు సరిపోతుందో లేదో డాక్టరే చెప్పాలి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, పాదం ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ లేవకూడదు. ఇంట్లో రోజూ రెండు గంటలు తొడిగి నడవండి. లోపల పలుచని సింథటిక్ సాక్సు, మీద మందపాటిది వేస్తే రాపిడి చర్మం మీద కాకుండా రెండు సాక్సుల మధ్యే జరుగుతుంది. మడమ వేడెక్కినట్టు అనిపించగానే ఆగి టేపు అంటించాలి. బొబ్బ వచ్చాక పైపొర పీకేస్తే పుండే.

వేడికి ఒళ్లు అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఏసీ గదిలో పరుగెత్తినవాడు ఎండలోకి వెళితే పాత లెక్క పనికిరాదు. నీళ్లు గంటకు 1.4 లీటర్లకు మించొద్దు, రోజుకు 11 లీటర్లు దాటొద్దు. ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తలనొప్పి, మూర్ఛ. వడదెబ్బే అనుకుని ఇంకా తాగించి ప్రాణం మీదికి తెచ్చినవాళ్లున్నారు. ఎండలో పక్కవాడు తికమకగా మాట్లాడుతున్నాడంటే వడదెబ్బే కావచ్చు: ముందు చల్లటి నీళ్లలో ముంచి ఒళ్లు చల్లార్చాలి, ఆస్పత్రి తర్వాత. మూత్రం కోలా రంగులోకి మారితే కండరాలు కరుగుతుండవచ్చు, వెంటనే చెప్పాలి. జిమ్‌లో తాగే ఉత్తేజక పొడులు ఇంటి దగ్గరే వదిలేయండి.

ఫోను విషయంలో ఒక్క సంగతి. 2018లో ఫిట్‌నెస్ యాప్ స్ట్రావా మ్యాపులో సైనికులు పరుగెత్తిన దారులు కనబడి స్థావరాల ఆకారమే బయటపడింది. యాప్‌లలో లొకేషన్ ఆపేసే వెళ్లండి.

ఈఎంఐలు, బ్యాంకు నామినీ, ఇంట్లోవారికి మీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, ఇవి వెళ్లేముందే తేలిపోవాలి. మొదటి వారాల్లో ఫోను మీ చేతిలో ఉండకపోవచ్చు, ఓటీపీ వచ్చినా చూసేవారుండరు. ఇంటి నంబరు, బ్యాంకు వివరాలు, డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచి అడుగున వేసుకోండి.