ట్రామ్ నడపడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆపడం

గత పాఠంలో కంట్రోలర్ దగ్గర, అంటే మోటర్లకు వెళ్లే కరెంటును అదుపుచేసే పెట్టె దగ్గర నిలబడ్డాం. పిడిని ఒక్కో నాచ్ (మెట్టు) తిప్పుతూ ఖాళీ బండిని యార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తెచ్చాం. మధ్య నాచ్‌ల మీద ఎక్కువసేపు ఉంచితే రెసిస్టర్లు కాలిపోతాయని, సిరీస్‌లో (మోటర్లు ఒకదాని తర్వాత ఒకటిగా కలిసినప్పుడు) చివరి నాచ్, పారలల్‌లో (పక్కపక్కగా కలిసినప్పుడు) చివరి నాచ్ మాత్రమే నిలకడగా నడపడానికి పనికొస్తాయని చెప్పుకున్నాం. శిక్షకుడు పక్కన ఉండగా ఆ అభ్యాసం కనీసం పదిసార్లు చేశాకే ఈ పాఠం మొదలుపెట్టండి.

ఈసారి ఆపడం. నా దృష్టిలో ఈ పాఠాలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. అందుకే మిగతావాటికంటే పొడవుగా ఉంటుంది.

ముందుగా, మ్యూజియంలో పాత ట్రామ్‌లు నడిపే మన పని ఎలాంటిదో గుర్తు చేసుకుందాం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1939లో కొందరు ట్రామ్ అభిమానులు డబ్బులు పోగుచేసి, బిడ్‌ఫర్డ్ అండ్ సాకో కంపెనీ 31వ నంబరు బండిని 150 డాలర్లకు కొన్నారు. ఇప్పటి సీషోర్ ట్రాలీ మ్యూజియం అలా పుట్టింది. అది పక్కగోడలు లేని బండి. అడ్డంగా బెంచీలు, పొడుగునా ఫుట్‌బోర్డు, వేసవి గాలికోసం చేసిన అమరిక. అలాంటి బండికి తలుపులు బిగించి, అద్దాలు వేసి భద్రంగా చేద్దామంటే మనం కాపాడుకోవాలనుకున్న వస్తువే మిగలదు. బండిని మార్చలేం కాబట్టి భద్రత అంతా నడిపేవాళ్ల అలవాటులోనే ఉండాలి. పైగా మనం వాలంటీర్లం. ఆ రోజుల్లో బండి నడిపే మోటర్‌మ్యాన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఏడాది పొడవునా అదే బ్రేకు వేసేవాడు. మనకు నెలకు రెండు శనివారాలు దొరికితే గొప్ప. ఈ మధ్యలో చెయ్యి పని మర్చిపోతుంది. అందుకే ఏ పనైనా ప్రతిసారీ ఒకే వరుసలో, ఒకే తీరులో చెయ్యమని ఇంతగా పట్టుబడతాను.

గాలి ఎటు పోతుంది

బండి కింద ఒక కంప్రెసర్, ఒక గాలి ట్యాంకు, ఒక బ్రేకు సిలిండరు ఉంటాయి. మీరు బ్రేకు పిడిని తిప్పగానే ట్యాంకులోని గాలి గొట్టం గుండా సిలిండరులోకి వెళ్తుంది. అక్కడ పిస్టన్ కదిలి, కడ్డీలను లాగి, పోత ఇనుప దిమ్మలను చక్రాలకు అదుముతుంది. పిడికి మూడు ముఖ్యమైన స్థానాలున్నాయి: గాలి పంపేది, పంపిన గాలిని అలాగే పట్టి ఉంచేది, బయటికి వదిలేది. మధ్యదాన్ని ల్యాప్ అంటారు.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు పొందిన గాలి బ్రేకు మూలసూత్రం ఇదే. పొడవైన రైళ్లకు ఇది సరిపోలేదు. దారిలో గొట్టం తెగిందంటే బ్రేకే ఉండదు. అందుకని ఆయనే కొన్నేళ్లలో, గొట్టంలో గాలి పోతే తనంతట తానే పడే బ్రేకును తయారుచేశాడు. ఒంటిగా తిరిగే ట్రామ్‌లకు మాత్రం సులువైన పాత పద్ధతే చాలాచోట్ల ఉండిపోయింది. కాబట్టి అలాంటి బండిలో ట్యాంకులో గాలి పోతే బ్రేకు పడదు, లేకుండా పోతుంది. పెద్ద లారీలు నడిపి వచ్చినవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అక్కడ గాలి పోతే స్ప్రింగు బ్రేకు పట్టేస్తుంది. ఆ ధీమా ఇక్కడ పనికిరాదు.

మేం ఎక్కువగా నడిపే బండిలో ట్యాంకులో ఒత్తిడి చదరపు అంగుళానికి 50 పౌండ్లకు దిగితే కంప్రెసర్ మొదలవుతుంది, 65కు చేరితే ఆగుతుంది. మీ బండి అంకెలు వేరుగా ఉండవచ్చు. అడిగి తెలుసుకుని పుస్తకంలో రాసుకోండి. ఇంకో సంగతి: కంప్రెసర్ కూడా పైతీగలోని 600 వోల్టుల కరెంటుతోనే తిరుగుతుంది. ట్రాలీ పోల్ (పైతీగను తాకుతూ బండికి కరెంటు తెచ్చే పొడవాటి కడ్డీ) తీగ నుంచి జారితే దీపాలతోపాటు అదీ ఆగిపోతుంది. అప్పుడు మీ చేతిలో ఉన్నది ట్యాంకులో మిగిలిన గాలి, దాని తర్వాత చేతి బ్రేకు. అందుకే ఉదయం బండి తీసే ముందు చేతి బ్రేకు బిగించి, అది నిజంగా బండిని పట్టి ఉంచుతోందో లేదో చూడనిదే షెడ్డు దాటకూడదు. ట్యాంకు అడుగున చేరిన నీళ్లను కూడా అప్పుడే వదిలేయండి. ఆ నీరు పేరుకుంటే గాలికి చోటు తగ్గుతుంది, చలికాలంలో గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది.

ఒక్క స్టాపు

స్టాపు కనిపించింది. మొదట కంట్రోలర్ పిడిని ఎక్కడా ఆపకుండా ఒకే ఊపులో ఆఫ్‌కు తీసుకురండి. నెమ్మదిగా, ఒక్కో నాచ్ వెనక్కి దిగుతూ వస్తే లోపల ప్రతి కాంటాక్టు దగ్గరా నిప్పు రేగి రాగి కరుగుతుంది.

ఇప్పుడు బ్రేకు పిడి. మొదటిసారే కాస్త గట్టిగా గాలి పంపి, ల్యాప్‌లో పట్టి ఉంచండి. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. దూరంగా ఉన్నప్పుడు భయంభయంగా కొంచెం పంపుతారు, స్టాపు మీదికొచ్చాక కంగారుగా ఉన్నదంతా పంపుతారు. వేగం రెట్టింపైతే ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుందని గుర్తుంచుకోండి. పని ఎక్కువగా ఉండేది మొదట్లోనే.

పోత ఇనుప దిమ్మకు ఒక గుణం ఉంది. చక్రం జోరుగా తిరుగుతున్నప్పుడు దాని పట్టు తక్కువ. వేగం తగ్గేకొద్దీ, సిలిండరులో గాలి అంతే ఉన్నా, పట్టు పెరుగుతుంది. మొదట పంపిన గాలిని చివరిదాకా అలాగే ఉంచితే ఆఖరి రెండు గజాల్లో బండి ఎవరో వెనక్కి గుంజినట్టు ఆగుతుంది. దిగడానికి ముందే లేచి నిలబడ్డ పెద్దాయన అప్పుడే పడతారు. కాబట్టి బండి మనిషి నడిచే వేగానికి వచ్చేసరికి గాలిని కొద్దికొద్దిగా వదలడం మొదలుపెట్టండి. వదలడం, పట్టడం, మళ్లీ కొంచెం వదలడం. చక్రం నిలిచే క్షణానికి సిలిండరులో గాలి దాదాపు అయిపోవాలి. నిలిచిన వెంటనే మళ్లీ గాలి పంపి, బండి కదలకుండా పట్టి ఉంచండి. ఈ చివరి పని మర్చిపోతే, జనం దిగుతుండగా బండి మెల్లగా జరుగుతుంది.

చెవిని కూడా వాడండి. దిమ్మ చక్రాన్ని తాకగానే సన్నటి రాపిడి శబ్దం వస్తుంది. వేగం తగ్గుతుంటే అది మందమై, ఆగే ముందు మూలుగులా మారుతుంది. కొన్నాళ్లకు గేజి చూడకుండానే, ఆ మూలుగు వినగానే మీ మణికట్టు తనంతట తానే గాలి వదులుతుంది. అక్కడికి చేరడానికి నాకు ఒక వేసవంతా పట్టింది.

పదేపదే పంపి వదలడం

నేర్చుకునే రోజుల్లో ఒకసారి వాలులో దిగుతూ, బండి మరీ నెమ్మదించిందని గాలంతా వదిలేశాను. వేగం పెరిగింది, మళ్లీ పంపాను. ఎక్కువైంది, మళ్లీ వదిలాను. ఇలా అయిదారుసార్లు. నా చూపంతా పట్టాల మీదే ఉంది. శిక్షకుడు ఏమీ అనకుండా వచ్చి చేతి బ్రేకు చక్రం మీద చెయ్యి వేసి, గేజి వైపు చూపించారు. ముల్లు 35 దగ్గర ఉంది. వదిలిన ప్రతిసారీ సిలిండరులో ఉన్న గాలంతా బయటికి పోయింది. కంప్రెసర్ తిరుగుతూనే ఉంది కానీ నేను ఖర్చు చేసినంత వేగంగా నింపలేకపోయింది. ఇంకో నాలుగుసార్లు అలాగే చేసి ఉంటే ఆ వాలు చివరి మలుపు దగ్గర నాకు బ్రేకు ఉండేది కాదు.

వాలులో సరైన పద్ధతి ఇది: పైనే, దిగడం మొదలవకముందే వేగం తగ్గించండి. కొంచెం గాలి పంపి పట్టి ఉంచండి. అవసరమైతే ఇంకొంచెం కలపండి. పూర్తిగా వదలడం కింద చదును నేల వచ్చాకే. గేజి ముల్లు మీరు రాసుకున్న కింది అంకె కంటే దిగితే, కారణం తర్వాత వెతకవచ్చు, ముందు బండిని ఆపండి.

ఆకులు, తడి, ఇసుక

ఇనుప పట్టా మీద ఇనుప చక్రం. పొడిగా ఉంటే పట్టు బాగుంటుంది. రాలిన ఆకులు నలిగి సబ్బులా అంటుకున్న చోట, సన్నటి జల్లు అప్పుడే మొదలైన చోట పట్టు సగానికంటే తగ్గిపోవచ్చు. అక్కడ గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని, తిరగకుండా జారుతుంది. జారే చక్రం తిరిగే చక్రం కంటే ఎక్కువ దూరం పోతుంది. దాని అంచు ఒకచోట చదునుగా అరిగి, ఆ తర్వాత ప్రతి చుట్టుకూ ‘టక్ టక్’మని కొడుతుంది. జారుతోందని తెలియగానే బ్రేకు వదలండి, చక్రం మళ్లీ తిరగనివ్వండి, ఇసుక వెయ్యండి, అప్పుడు మెత్తగా బ్రేకు వెయ్యండి. ఇంతకంటే మంచిది, జారుడు చోటు ముందే తెలిసి ఉంటే అక్కడికి చేరకముందే ఇసుక వెయ్యడం.

అలాగని ఇసుక కుప్పలుగా పోయకూడదు. కరెంటు పైతీగ నుంచి వచ్చి చక్రాల గుండా పట్టాల్లోకి తిరిగిపోవాలి. చక్రాల కింద దళసరిగా ఇసుకో మట్టో పరుచుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. దీపాలు మినుకుమని ఆరిపోతాయి, బండి ఇనుప భాగాలన్నింటికీ కరెంటు వస్తుంది. అలాంటప్పుడు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నేల మీద కాలు పెట్టినవారికి షాకు కొడుతుంది. ఆగిన చోట దీపాలు ఆరిపోతే మొదట కండక్టర్ చేత పోల్ దింపించండి. అంతవరకు ఎవరినీ దిగనివ్వకండి.

గంట ఎవరు కొట్టారు

ఆపడం ఎంత బాగా వచ్చినా, ఆపిన బండి ఎప్పుడు కదలాలో మోటర్‌మ్యాన్‌కు తెలియదు. అది కండక్టర్‌కు తెలుసు. మా దగ్గర గంట ఒక్కసారి మోగితే తర్వాతి స్టాపులో ఆపాలి, రెండుసార్లు మోగితే బయలుదేరాలి, మూడుసార్లు మోగితే ఉన్నచోటే వెంటనే ఆపాలి. మీ మ్యూజియం నియమాల పుస్తకంలో ఇంకోలా ఉంటే మీకు అదే ప్రమాణం. సంకేతం అర్థం కాకపోతే ఆపమన్నట్టే లెక్క.

మ్యూజియంలో ఒక చిక్కుంది. గంట తాడు సీట్లో కూర్చున్న పిల్లల చేతికి అందుతుంది. వాళ్లు సంతోషంగా రెండుసార్లు లాగుతారు, అదే సమయానికి ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలుతో ఎవరో ఉంటారు. అందుకే మేం ఒక అలవాటు చేసుకున్నాం. గంట మోగాక మోటర్‌మ్యాన్ అద్దంలో కండక్టర్‌ను చూస్తాడు. కండక్టర్ ఎత్తిన చెయ్యి కనిపిస్తేనే కాలితో బయటి గంట రెండుసార్లు కొట్టి బయలుదేరతాడు. దీనికి పట్టేది రెండు సెకన్లు.

కండక్టర్లకు ఇంకొకటి నేర్పాలి. పాత బండ్లు చాలావాటిలో, పిడి మీద చెయ్యి తీస్తే తనంతట తానే ఆగే ఏర్పాటు లేదు. 1916 ప్రాంతంలో వచ్చిన, ఒక్క మనిషే నడిపే బర్నీ బండ్లతో అది వ్యాప్తిలోకి వచ్చింది. అంతకు ముందు బండిలో మోటర్‌మ్యాన్ స్పృహ తప్పితే, వెనక ఉన్న కండక్టర్ పోల్ తాడు లాగి తీగ నుంచి దింపాలి, వెనక చేతి బ్రేకు తిప్పాలి. ఈ రెండూ చేసి చూపించనివారికి మా దగ్గర కండక్టర్ బ్యాడ్జీ ఇవ్వం.

సందర్శకులతో మాటల గురించి కూడా చెప్పాలి. వచ్చినవారు ప్రశ్నలు అడుగుతారు, చెప్పాలని మనకూ ఉంటుంది. ఆ ఇష్టంతోనే కదా ఈ పనికి వచ్చాం. కానీ చక్రాలు తిరుగుతున్నంతసేపు జవాబు చెప్పకండి. ‘ఆగాక చెబుతాను’ అనండి, ఆగాక తప్పకుండా చెప్పండి.

ఈ వారం అభ్యాసం

శిక్షకుడి ఎదుట, చదును పట్టా మీద, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, కండక్టర్ చేత పోల్ దింపించండి. ఇప్పుడు కంప్రెసర్ లేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గేజి ఎంత చూపిస్తోందో రాసుకుని, పూర్తి బ్రేకు వేసి పూర్తిగా వదలండి. ముల్లు ఎంత దిగిందో రాయండి. కింది అంకె దాటేదాకా ఇలాగే చెయ్యండి. కరెంటు లేనప్పుడు మీ బండి మీకు ఇచ్చే బ్రేకులు ఎన్నో ఆ లెక్క చెబుతుంది. అది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ప్రతి బండికీ విడిగా చెయ్యండి.

తర్వాత ఖాళీ బండితో ఇరవై స్టాపులు. శిక్షకుడు నడవలో ఏమీ పట్టుకోకుండా నిలబడతారు. ఆయన అడుగు కదిలితే ఆ స్టాపు లెక్కలోకి రాదు. వరుసగా పది వచ్చాక, ఒక వాన రోజు చూసుకుని మళ్లీ మొదటి నుంచి చెయ్యండి.

వచ్చే పాఠంలో లైను చివర పోల్ తిప్పి, ఇంకో చివర నుంచి నడపడం చూద్దాం. పొడి చేతి తొడుగులు, మడమ ఉన్న గట్టి బూట్లు తెచ్చుకోండి. మీ బండి బ్రేకుల లెక్క రాసిన పుస్తకం కూడా వెంట ఉండాలి. మొదట అడిగేది అదే.