ఇంజన్ ఆయిల్ ప్రెషర్ – 5వ పాఠం: ముల్లు పైకెక్కి దిగకపోతే

గత పాఠంలో ప్రెషర్ పడిపోయిన ఇంజన్‌ను పరీక్షించే పద్ధతి నేర్చుకున్నాం. ఆ పాఠం చివర ఇచ్చిన పని ప్రకారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ, బాగా వేడెక్కిన తరువాతా, ఐడ్లింగ్‌లోనూ, నిమిషానికి 1000, 2000, 3000 చుట్ల వద్దా ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడ నిలిచిందో రాసిపెట్టుకున్నవారు ఆ కాగితాన్ని పక్కన ఉంచుకుని ఈ పాఠం చదవండి. ప్రెషర్ ఎక్కువ చూపించే బండి విషయంలో సగం నిర్ణయం ఆ అంకెలతోనే తేలిపోతుంది.

ముల్లు కిందికి దిగితే అందరూ కంగారుపడతారు గానీ, పైకి పోతే ఇంజన్ గట్టిగా ఉందనుకుని సంతోషించేవారే ఎక్కువ. ఆ సంతోషం ఎంత ప్రమాదకరమో అర్థం కావాలంటే గేజ్ దేన్ని కొలుస్తుందో ముందు తెలియాలి. ఆయిల్ పంపు ఒక్కో చుట్టుకు ఇంత అని లెక్కగా ఆయిల్‌ను ముందుకు తోస్తుంది. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడడానికి ఎంత ఇబ్బంది పడుతుందో, ఆ ఇబ్బందే గేజ్ మీద ప్రెషర్‌గా కనిపిస్తుంది. తోటలో డ్రిప్ వేసిన రైతుకు ఇది బాగా తెలుసు: లేటరల్ పైపుల రంధ్రాలు పాచిపట్టి మూసుకుపోతే మోటారు దగ్గర గేజ్ ముల్లు పైకి పోతుంది, మొక్కలు మాత్రం ఎండిపోతాయి. ఇంజన్‌లోనూ అంతే. ముల్లు పైన ఉన్నంత మాత్రాన బేరింగులకు ఆయిల్ సమృద్ధిగా అందుతున్నట్టు కాదు.

ఇంజన్ వేగం పెరిగే కొద్దీ పంపు తోసే ఆయిల్ కూడా పెరుగుతుంది కాబట్టి, ప్రెషర్ ఒక హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వ్‌ను పెడతారు. స్ప్రింగు వెనకనుంచి నొక్కుతుంటే ఒక చిన్న ప్లంజర్ దారిని మూసి ఉంచుతుంది. ప్రెషర్ స్ప్రింగు బలాన్ని మించగానే ప్లంజర్ వెనక్కి జరిగి, మిగులు ఆయిల్‌ను వదిలేస్తుంది. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ముల్లు వేగంతో పాటు పైకి వెళ్ళి, ఒక చోట ఆగి, ఆపైన ఎంత రేస్ చేసినా దాదాపు అక్కడే నిలుస్తుంది. మీ కాగితం మీద మొదట చూడవలసింది ఆ ఆగిన చోటునే.

ఇక పరీక్షలకు వద్దాం. పానా పట్టుకోకముందే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. పంపు తిరగడం లేదు కాబట్టి ముల్లు సున్నా దగ్గరే ఉండాలి. అప్పుడే పైకి వెళ్ళి కూర్చుంటే లోపం ఇంజన్‌లో లేదు, గేజ్‌లోనో, వైరులోనో, సెండర్‌లోనో (ఇంజన్‌కు బిగించి ఉండి, ప్రెషర్‌ను గేజ్‌కు వైరు ద్వారా తెలిపే భాగం) ఉంది. చాలా బండ్లలో వాడే ఒంటి వైరు సెండర్ ప్రెషర్ లేనప్పుడు సుమారు 10 ఓములు, పూర్తి ప్రెషర్ వద్ద సుమారు 180 ఓములు నిరోధం చూపుతుంది. దాని వైరు తెగినా, ఎర్త్ సరిగా అందకపోయినా నిరోధం అమాంతం పెరిగి ముల్లు పై చివరకు పోతుంది. ఈ సెండర్‌కు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుందన్న సంగతి మరిచిపోయి, ఆయిల్ కారకుండా మరల మీద తెల్ల టెఫ్లాన్ టేపును మందంగా చుట్టి బిగిస్తే, మంచి ఇంజన్ కూడా మితిమీరిన ప్రెషర్ చూపిస్తుంది. నిరోధం దీనికి తలకిందులుగా మారే రకాలూ ఉన్నాయి కాబట్టి మీ సెండర్ ఏ రకమో మాన్యువల్‌లో చూసుకున్నాకే ఓమ్ మీటర్ పెట్టండి.

కొత్త కార్ల విషయంలో ఒక మాట. వాటిలో చాలావాటికి గేజ్ ఉండదు, ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. ప్రెషర్ బాగా పడిపోయినప్పుడే అది వెలుగుతుంది తప్ప ఎక్కువైన సంగతి చెప్పలేదు. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0523 కోడ్ వచ్చిందనుకోండి, దాన్ని చూసి ప్రెషర్ ఎక్కువగా ఉందని నిర్ణయించకండి. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజ్ ఎక్కువగా ఉందని మాత్రమే. ముందు వైరింగు, తరువాతే ఇంజన్.

సున్నా పరీక్షలో గేజ్ నెగ్గినా దాన్ని పూర్తిగా నమ్మకూడదు. సెండర్‌ను విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ (వైరుతో కాకుండా గొట్టం ద్వారా వచ్చే ఆయిల్ ప్రెషర్‌ను నేరుగా కొలిచేది) బిగించి కొలవాలి. గొట్టం రాగిదైతే మంచిది. ప్లాస్టిక్ గొట్టం వేడికి పగిలితే కాలే ఆయిల్ చేతుల మీద చిమ్ముతుంది. విప్పడం, బిగించడం రెండూ ఇంజన్ ఆరిపోయి చల్లబడ్డాకే. జీపుల్లో, ట్రాక్టర్లలో గేజ్ మీద అంకెలు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటాయి. ఈ లెక్కలో ఒక కిలో ప్రెషర్ అంటే చదరపు అంగుళానికి సుమారు 14.2 పౌండ్లు.

రెండు గేజ్‌లూ ఒకే మాట చెబితే ఆయిల్ సంగతి చూడాలి. 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడ్ ఆయిల్ 100 డిగ్రీల వద్ద ఉన్న చిక్కదనంతో పోలిస్తే 40 డిగ్రీల వద్ద సుమారు ఎనిమిది, తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. నీళ్ల గేజ్ మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి వచ్చాకే వేడి అంకెలు రాసుకోండి. 0డబ్ల్యూ-20 అనే పల్చటి గ్రేడ్ పోయవలసిన కొత్త ఇంజన్‌లో, మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదన్న నమ్మకంతో 20డబ్ల్యూ-50 పోస్తే, వేడిలో కూడా చిక్కదనం రెట్టింపు దాటుతుంది. ముల్లు పైన ఉంటుంది, సన్నటి సందుల్లోకి వెళ్ళే ఆయిల్ తగ్గుతుంది. ఈ ఒక్క కారణంతోనే ప్రెషర్ పెరిగితే మందు కూడా సులభమే: మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ పోసి మళ్ళీ కొలవడం.

ఆయిల్ సరైనదే అయినా ముల్లు ఎక్కడా ఆగకుండా ఇంజన్ వేగంతో పాటు ఎగబాకుతూనే ఉంటే అనుమానం రిలీఫ్ వాల్వ్ మీదికి మళ్ళాలి. దీన్ని ఒక బండిని చూపించి చెబుతాను, ఎందుకంటే ఈ పాఠం నాకు నేర్పింది ఆ బండే. మా పెదనాన్నగారి పాత అంబాసిడర్‌లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ సిరీస్ పెట్రోల్ ఇంజన్ ఉండేది. ఒక షెడ్డులో పని చేయించి తెచ్చిన దగ్గర్నుంచి, ఉదయం స్టార్ట్ చేయగానే ముల్లు 7 కిలోల చివరి గీతకు తగిలి, పది కిలోమీటర్లు నడిచేదాకా దిగేది కాదు. ఫిల్టర్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ పట్టేది. నేను అనుమానం వెలిబుచ్చితే, "ముల్లు పైనుంటే మంచిదే కదరా, ఇంజన్ బలంగా ఉన్నట్టేగా" అన్నారు పెదనాన్న. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది నిజమే. కానీ దాదాపు 5 కిలోల దగ్గర తెరుచుకోవలసిన వాల్వ్ పనిచేస్తూ ఉంటే, చల్లదనం వల్ల ముల్లు ఇంకాస్త పైకి వెళ్ళవచ్చేమో గానీ 7 దగ్గర తిష్ఠ వేయదు.

ఆ ఇంజన్‌లో రిలీఫ్ వాల్వ్ బ్లాకుకు ఎడమవైపు, వెనకభాగంలో, గుండ్రటి తల ఉన్న నట్టు కింద ఉంటుంది. నట్టు విప్పగానే స్ప్రింగు చేతిలోకి వచ్చింది. నట్టు గుంటలో, నల్లటి ఆయిల్ జిడ్డు కింద, స్ప్రింగు అడుగున రెండు ఇనుప వాషర్లు ఒకదానిమీదొకటి అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకితే తప్ప విడివిడిగా కనబడలేదు. స్ప్రింగును ఆ మేరకు ముందుకు నొక్కి, వాల్వ్ ఆలస్యంగా తెరుచుకునేలా చేయడానికి ఎవరో పెట్టినవి అవి. వాల్వ్ గ్రైండింగ్‌కు వాడే రబ్బరు కప్పు కర్రతో ప్లంజర్‌ను బయటికి లాగి చూస్తే గీతలు లేవు, గుంటలో స్వేచ్ఛగా జారుతోంది. ఒకవేళ ప్లంజర్ బురదలాంటి మడ్డితో పట్టేసి ఉంటే వాషర్లు లేకపోయినా లక్షణం ఇదే ఉండేది. అప్పుడు కిరసనాయిలుతో కడిగి, గీతలు పడి ఉంటే మార్చాలి.

వాషర్లు తీసేసి బిగించాక ఉదయం ముల్లు 5 దాటి కొంచెం పైన ఆగింది. ఫిల్టర్ దగ్గర చెమ్మ ఆగిపోయింది. వేడి ఐడ్లింగ్‌లో మాత్రం ముందూ ఒక కిలో కన్నా తక్కువే, తరువాతా అంతే. దీనిమీద కాసేపు నిలబడి ఆలోచించండి. ఐడ్లింగ్‌లో ప్రెషర్ తక్కువ కాబట్టి వాల్వ్ అప్పటికే పూర్తిగా మూసుకుని ఉంటుంది. మూసుకున్న తలుపుకు ఇంకో గడియ పెడితే ఐడ్లింగ్ ప్రెషర్ ఎలా పెరుగుతుంది? అరిగిన బేరింగులను మార్చవలసిన చోట వాషర్లు పెట్టి, ఉదయంపూట పెద్ద అంకె చూపించి, బండిని అప్పగించారన్నమాట. ఆ నెలలోనే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దింపి బేరింగు షెల్లులు మార్పించాం.

మిగిలింది ఒక్క కారణం, ఎదురుపడేది తక్కువే గానీ అన్నింటికన్నా ప్రమాదకరమైనది: గేజ్ కొలిచే చోటు దాటాక ఆయిల్ దారి మూసుకుపోవడం. ఇది ఎక్కువగా ఇంజన్ విప్పి బిగించిన తరువాత వస్తుంది. హెడ్ గ్యాస్కెట్ రంధ్రం తప్పుగా కూర్చోవడం, సీలెంట్ ఎక్కువై దారిలోకి జారడం, బేరింగు షెల్లు రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా లేకపోవడం వంటివి కారణాలు. గుర్తు ఏమిటంటే, గేజ్‌లో ప్రెషర్ పుష్కలంగా ఉండగానే పైన టాపెట్లు (ఇంజన్ వాల్వులను కదిలించే భాగాలు) పొడిగా కొట్టుకుంటాయి. టాపెట్ కవర్ తీసి ఐడ్లింగ్‌లో రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు ఊగే కడ్డీ) దగ్గర ఆయిల్ ఊరుతోందో లేదో చూడండి. ఊరకపోతే ఆ క్షణమే ఇంజన్ ఆపేయండి. కారణం దొరికేదాకా మళ్ళీ స్టార్ట్ చేయకండి.

వచ్చే పాఠానికి పని: మీ బండిలో సెండర్ రంధ్రం ఫిల్టర్‌కు ముందుందా, తరువాతుందా అన్నది మాన్యువల్ బొమ్మ చూసి తెలుసుకుని, ఆయిల్ దారిని చాంబర్ నుంచి రాకర్ దాకా ఒక కాగితం మీద గీయండి. మూసుకుపోయిన ఫిల్టర్ ఒక బండిలో ప్రెషర్ పెంచి, మరో బండిలో ఎందుకు తగ్గిస్తుందో ఆ బొమ్మ సాయంతోనే చూద్దాం.