మోకాళ్ల నొప్పికి ఏ ఇంజెక్షన్? పోల్చి చూసుకోవడం ఎలా

ముందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి. పడుకోబెట్టి తీసినదాంట్లో కీలు మధ్య సందు ఎంత మిగిలిందో సరిగ్గా తెలియదు. అరుగుదల 1 నుంచి 4లో ఏ గ్రేడో రాయించుకోండి. షుగర్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ కూడా పెట్టుకోండి, చాలు.

తర్వాత డాక్టర్ ఇస్తానన్నది స్టెరాయిడా, హయలురోనిక్ యాసిడ్ జెల్లా, మన రక్తంతోనే తయారుచేసే పీఆర్‌పీనా అని అడగండి. "మంచి ఇంజెక్షన్" అంటే కుదరదు, మందు పేరు చీటీ మీద ఉండాల్సిందే.

అందరూ తప్పటడుగు వేసేది దీని తర్వాతే. పక్కింటి పిన్నిగారికి తగ్గిందని వెళ్లిపోతారు. మోకాలి నొప్పి ఎక్కువ తక్కువలవుతూనే ఉంటుంది, మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది అది బాగా ముదిరినప్పుడే, కాబట్టి మోకాల్లోకి మందేమీ లేని ఉత్త సెలైన్ (ఉప్పునీరు) ఎక్కించినా చాలామందికి ఎంతోకొంత తగ్గుతుంది. సెలైన్ కంటే ఎంత ఎక్కువ తగ్గించిందో చూడండి, మిగతాదంతా ప్రచారమే. పీఆర్‌పీని ఆస్ట్రేలియాలో 288 మంది మీద అలాగే పరీక్షించారు, 2021లో ఫలితాలొచ్చాయి: ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, గుజ్జు అరుగుదలా ఆగలేదు. అనుకూలంగా వచ్చిన పరీక్షలూ ఉన్నాయి గానీ, ఒక్కోచోట ఒక్కోలా తయారుచేస్తారు కాబట్టి వాటిని కలిపి చూడటం కష్టం. జెల్ వేస్తే అరిగిన గుజ్జు తిరిగి వస్తుందనుకుంటారు, రాదు. సెలైన్‌తో పోలిస్తే అది తగ్గించే నొప్పి చాలా స్వల్పం.

స్టెరాయిడ్ కొన్ని వారాలు నిజంగానే ఉపశమనం ఇస్తుంది. పెళ్లో ప్రయాణమో ఉంటే సరే. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన అమెరికా పరీక్షలో మాత్రం సెలైన్ కంటే గుజ్జు ఎక్కువ అరిగింది, నొప్పిలో తేడా రాలేదు. షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. మోకీలు మార్పిడి ఆపరేషన్ రాబోయే మూడు నెలల్లోపు ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం, కాబట్టి వద్దు.

రెండు మోకాళ్లకీ ఒకేసారి వేయించుకోకండి. ఒకదానికి వేయించి, మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఏ కాలు ఎంత నొప్పి పెడుతోందో పదికి మార్కులేసి నోట్‌బుక్‌లో రాయండి. ఇంజెక్షన్‌కి వారం ముందు నుంచే మొదలుపెట్టాలి, లేకపోతే దేనితో పోలుస్తారు?

తొడ కండరాల వ్యాయామాలు మాత్రం ఆపకూడదు. 2020లో వచ్చిన ఒక పరీక్షలో ఏడాది తర్వాత స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ల కంటే ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, నేను మొదట చెప్పేదీ అదే.

వేయించుకున్నాక జ్వరమొచ్చి మోకాలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.