షుగర్ ఉండి తిరుమల కొండ నడిచి ఎక్కాలనుకుంటున్నారా?

మొక్కు మొక్కే, కాదనను. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లు అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టేముందు ఒక్క సంగతి వినండి. గుండెకు రక్తం చాలనప్పుడు ఛాతీలో నొప్పి రావాలి కదా, షుగర్ వల్ల ఆ కబురు మోసే నరాలే దెబ్బతిని ఉంటాయి కాబట్టి కొందరికి ఆ నొప్పి రానే రాదు.

మా బాబాయికి అదే జరిగింది. గాలిగోపురం ఇంకాస్త దూరం ఉందనగా చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట, దవడ లాగుతోందన్నాడు, వాంతి వచ్చేలా ఉందన్నాడు, మేమేమో పొద్దున తిన్న పూరీల గ్యాస్ అనుకుని సోడా తాగించి, నొప్పి లేదుగా అని ఇంకో ముప్పై మెట్లు ఎక్కించాం కూడా. తీరా చూస్తే హార్ట్ ఎటాక్. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు, కొండకి మాత్రం బస్సులోనే.

అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లేగా అని అటు వెళ్తారు చాలామంది, కానీ అది రెండు కిలోమీటర్ల పైచిలుకులోనే కొండంతా ఎక్కించేస్తుంది, ఆయాసం అక్కడే ఎక్కువ. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ వాళ్లే చెబుతున్నారు.

అయినా ఎక్కాల్సిందే అంటే, నెల ముందే డాక్టరుకి మెట్లెక్కబోతున్నానని విడమరిచి చెప్పండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టే అనుకోవద్దు. ట్రెడ్‌మిల్ టెస్ట్, అంటే నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, అవసరమేమో అడగండి. బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి, షుగర్ ఒక్కటీ కంట్రోల్లో ఉంటే సరిపోదు.

ఉపవాసంతో ఎక్కడం మాత్రం వద్దు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లకి ఖాళీ కడుపుతో షుగర్ పడిపోతుంది, ఆ రోజు డోసు ఎంతో ముందే అడిగి పెట్టుకోండి. చిక్కేమిటంటే షుగర్ పడిపోయినా చెమటే, గుండె మొరాయించినా చెమటే. అందుకే గ్లూకోమీటర్ జేబులో ఉండాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోండి. షుగర్ సరిగ్గానే ఉండి చెమట, ఆయాసం ఆగలేదంటే ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కొద్దు, దిగొద్దు, ఉన్నచోటే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇంకోటి, మొద్దుబారిన పాదాలకు ఎండకి బండ కాలినా తెలీదు. తెల్లవారుజామునే బయల్దేరండి, మందపాటి సాక్సులు వేసుకోండి, గదికి చేరగానే అరికాళ్లు ఎవరిచేతైనా చూపించుకోండి.